పూత కాలంలో బడి



వేసవి సెలవులు అయిపోయి మన తెలంగాణలో బడులు తెరిచేది జూన్ 12న. ప్రపంచమంతా బాలకార్మిక వ్యతిరేక దినం జరుపుకునేదీ అదే రోజు. అంతర్జాతీయ కార్మిక సంస్థ పిలుపు మీద 2002 నుంచి ఇది నడుస్తోంది. ఈ రెండూ ఒకే తేదీన పడటం యాదృచ్ఛికమే. కానీ పాలమూరుకు, అంటే మహబూబ్‌నగర్‌కు, దక్షిణాన, కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో ఆ రోజులకే ఇంకో పని కూడా మొదలై ఉంటుంది. అది సీడు పత్తి గింజ పెట్టడం. గద్వాల, ధరూరు, మల్దకల్, గట్టు, అయిజ, ఎటు వెళ్లినా అదే పంట. జూన్‌లో చేనుకూ బడికీ పేచీ ఉండదు. పిల్లలను బడిలో చేర్పించే బడిబాటకు వచ్చిన పంతుళ్ల దగ్గర పిల్లలు పేర్లు రాయించుకుంటారు, కొత్త పుస్తకాలు తీసుకుంటారు. పేచీ మొదలయ్యేది పత్తి పూతకు వచ్చాక. ఆగస్టు నుంచి బడిలో హాజరు పట్టీ పల్చబడుతుంది. ఐదో తరగతిలోనూ ఆరో తరగతిలోనూ కొన్ని పేర్లకు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు పడతాయి. వాటిలో ఎక్కువ ఆడపిల్లల పేర్లు.

ఆ పిల్లలు ఎక్కడికి వెళుతున్నారో అర్థం కావాలంటే ముందు ఆ పని ఏమిటో తెలియాలి. రైతు దుకాణంలో కొనే పత్తి విత్తనం ప్యాకెట్టు ఒకటి ఊహించుకోండి. అందులో ఉన్నది సంకర విత్తనం. ఒక రకం మొక్క పువ్వు మీద ఇంకో రకం మొక్క పుప్పొడిని మనిషి తన చేత్తో అద్దితే పుట్టిన గింజ. సీడు చేలో ఆడ మొక్కలు వేరుగా, మగ మొక్కలు వేరుగా ఉంటాయి. సాయంత్రం పూట, మరునాడు విచ్చుకోబోయే మొగ్గను చూసి పట్టుకోవాలి. బొటనవేలి గోటితో చుట్టూ గాటు పెట్టి, రేకుల్నీ వాటితో పాటు పుప్పొడి తిత్తుల్నీ ఒలిచేయాలి. మధ్యలో ఉన్న కీలానికి గోరు తగలకూడదు. తగిలితే కాయ నిలవదు. మరునాడు పొద్దున మగ మొక్కల పూలు తెంపుకొచ్చి, ఒలిచి పెట్టిన ప్రతి మొగ్గకూ పుప్పొడి అద్దాలి. ఎండ ముదిరితే పుప్పొడి పనికిరాదు కాబట్టి మధ్యాహ్నంలోపే అయిపోవాలి. సాయంత్రానికి మళ్లీ మొగ్గలు ఒలవడం. దీన్నే అక్కడ క్రాసింగ్ అంటారు. పూత ముమ్మరంగా ఉన్నప్పుడు ఎకరానికి రోజూ ఎనిమిది, పది మంది కావాలి. ఒకరోజు మానేస్తే ఆ రోజు పూత పోయినట్టే. అలా వరుసగా నెలల తరబడి సాగుతుంది.

ఒక్క మొగ్గ కంటపడకుండా తప్పిపోయి తనంతట తాను విచ్చుకుంటే ఆ కాయలో ఉండేది సంకర విత్తనం కాదు. అలాంటివి ఎక్కువైతే రైతు పంటంతా పరీక్షలో పోతుంది. నడిగడ్డలో జీవోటీ అన్న మూడక్షరాలు తెలియని రైతు లేడు. కంపెనీ వాళ్లు విత్తనం నమూనా తీసుకెళ్లి, నాటి, మొక్కలు పెరిగాక ఎంత స్వచ్ఛంగా ఉందో చూస్తారు. ఆ ఫలితం వచ్చాకే రైతుకు డబ్బు లెక్క తేలుతుంది. జీవోటీ ఫెయిలైతే ఏడాది కష్టం మట్టిపాలే. అందాకా పెట్టిన పెట్టుబడి ఎవరిది? ఆర్గనైజరు ఇచ్చిన అప్పు. కంపెనీకీ రైతుకూ మధ్య నిలబడేది ఈ ఆర్గనైజరే. విత్తనం ఇచ్చేది, అప్పు ఇచ్చేది, పంట తీసుకునేది, ధర చెప్పేది అన్నీ ఆయనే. ఆ అప్పులోంచే రైతు కూలీల ఇళ్లకు అడ్వాన్సులు పంచుతాడు. వేసవిలో, చేతిలో పైసా లేని రోజుల్లో, ఒక ఇంటికి కొంత మొత్తం ముడుతుంది. పూత కాలంలో ఆ ఇంటి పిల్ల ఆ చేనుకు వెళ్లాలి. ఆ పిల్లను ఎవరూ అడగరు. ఆమె తరఫున తల్లిదండ్రులు మాట ఇచ్చేస్తారు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఒకటుంది. బాలకార్మికుల మాట వస్తే మనం సాధారణంగా అది పాత కాలపు చెడు అనుకుంటాం. పశులు కాసే పిల్లాడు, దొర ఇంట్లో జీతం ఉన్న పిల్లాడు గుర్తుకొస్తారు. ఆర్థిక వ్యవస్థ పెరిగితే, ఊళ్లకు రోడ్లొస్తే, డబ్బొస్తే ఇది తనంతట తానే పోతుందని నమ్ముతాం. సీడు పత్తి ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఇక్కడ పిల్లల పనిని తెచ్చి పెట్టింది అభివృద్ధే. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రంలో సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త హైబ్రిడ్-4 పత్తిని విడుదల చేశారు. ప్రపంచంలో వాణిజ్య స్థాయిలో సాగైన తొలి సంకర పత్తి అదే. మన శాస్త్రజ్ఞులు గర్వపడదగిన విజయం అది. దిగుబడి పెరిగింది. కానీ ఆ విత్తనాన్ని రైతు దాచుకుని మళ్లీ వేయడానికి లేదు, ఏటా కొత్తగా కొనాలి. ఏటా కొత్తగా ఎవరో చేత్తో తయారు చేయాలి. అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా వంటి పెద్ద పత్తి దేశాలు సూటి రకాలే వేస్తాయి, అక్కడ మొగ్గలు ఒలిచే పనే లేదు. మన దేశంలో 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. కంపెనీలు ఆ బీటీ గుణాన్ని సంకర రకాల్లోనే పెట్టి అమ్మాయి. కొన్నేళ్లలో దేశంలోని పత్తి దాదాపు అంతా సంకర పత్తే అయింది. విత్తనానికి గిరాకీ ఎంత పెరిగిందో సీడు చేలూ అంత పెరిగాయి. నీళ్లూ చవక కూలీలూ దొరికే చోటు వెతుక్కుంటూ కంపెనీలు బీటీ రాకముందే కర్నూలుకు, మహబూబ్‌నగర్‌కు వచ్చి ఉన్నాయి.

సీడు చేలలో పిల్లల పని సంగతిని లోకానికి చూపించింది ఒక తెలుగు పరిశోధకుడు, దావులూరి వెంకటేశ్వర్లు. లూసియా డా కోర్టా అనే పరిశోధకురాలితో కలిసి ఆయన రాసిన అధ్యయనం 2001లో అచ్చయింది. పెద్దవాళ్లు చేసే కూలి మెల్లమెల్లగా ఆడపిల్లల చేతుల్లోకి ఎలా మారిందో వాళ్లు అందులో వివరించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ రోజుల్లో దాదాపు రెండున్నర లక్షల మంది పిల్లలు సీడు పత్తిలో పనిచేస్తున్నారని వెంకటేశ్వర్లు అంచనా వేశారు. 2001 జనగణన రాష్ట్రం మొత్తం మీద లెక్క తేల్చిన బాలకార్మికులు 13 లక్షల 63 వేలు. దేశంలో ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే. సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాద్ పేరు మార్మోగుతున్న ఏళ్లవి.

ఆడపిల్లలే ఎందుకు? రైతులు చెప్పే జవాబు, చిన్న వేళ్లయితే మొగ్గకు దెబ్బ తగలదని. ఆ మాట నిజమైతే కోట్ల రూపాయల ఆపరేషన్లు చేసే సర్జన్లందరూ పదేళ్ల వాళ్లై ఉండాలి. పెద్దమనిషి కాని పిల్ల చేయి పడితే పంట బాగుంటుందన్న నమ్మకం కూడా కొన్ని ఊళ్లలో ఉండేది. అసలు కారణం కూలి. పెద్ద ఆడమనిషికిచ్చే దానికన్నా పిల్లకు తక్కువ ఇవ్వొచ్చు. పిల్ల ఎదురు మాట్లాడదు. పొద్దున తొందరగా రమ్మన్నా వస్తుంది, పొద్దుగూకేదాకా ఉండమన్నా ఉంటుంది. మందు కొట్టిన మరునాడే చేలోకి దిగమన్నా దిగుతుంది. పత్తికి కొట్టే పురుగుమందులు ఎలాంటివో మనకు తెలుసు. ఆ చేలలో పనిచేసిన పిల్లలకు తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం మామూలైపోయాయి.

2003లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇండియా కమిటీ కోసం వెంకటేశ్వర్లు ఇంకో నివేదిక రాశారు. ఇందులో ఆయన బహుళజాతి విత్తన కంపెనీల వైపు వేలు చూపించారు. కంపెనీల జవాబు ఊహించదగినదే: చేను మాది కాదు, కూలీలు మావాళ్లు కాదు. కాగితం మీద అది నిజం. అయితే రైతుకిచ్చే ధర ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ ధరలో పెద్దవాళ్లకు న్యాయమైన కూలి ఇచ్చి క్రాసింగ్ చేయిస్తే రైతుకు మిగిలేది ఏముంటుంది? ఈ లెక్క వేయడమే ఆ నివేదిక చేసిన గొప్ప పని. విత్తనం ఖర్చులో పెద్ద వాటా కూలిది. ఆ కూలిని కుదించే దారి పిల్లలు. కాబట్టి కొనుగోలు ధర ముట్టుకోకుండా బాలకార్మికులు వద్దని రైతుకు చెప్పడం, నష్టపోయైనా నీతిగా ఉండమని చెప్పడమే. ఐరోపాలో వచ్చిన ఒత్తిడికి కొన్ని కంపెనీలు కదిలాయి. పిల్లలను పెట్టుకోని రైతుకు ధర మీద కొంత బోనసు ఇచ్చాయి, చేలను తనిఖీ చేశాయి. కొంత ఫలితం కనిపించింది కూడా. అలా చేయని కంపెనీలు చాలా ఉండిపోయాయి.

దుకాణంలో అమ్మే ప్యాకెట్టు ధరను తగ్గించడానికి మన ప్రభుత్వమే పోరాడింది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మోన్‌శాంటో కంపెనీ మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది, ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. పత్తి రైతుకు అది మేలే, నేను కాదనను. కానీ విత్తనం పండించే రైతుకు ఇంత తక్కువ కాకుండా ఇవ్వాలని ఎవరూ అనలేదు. అతనికి కంపెనీ, ఆర్గనైజరు చెప్పిందే ధర. పై ధరకు పగ్గం వేసి కింది ధరను గాలికి వదిలేస్తే, ఆ భారం దిగుతూ దిగుతూ ఎవరి మీద ఆగుతుంది? అడిగే నోరు లేని ఆడపిల్ల మీద.

ఇక బడి సంగతి. మైరన్ వీనర్ అనే అమెరికన్ పండితుడు 1991లో భారతదేశంలో బాలలు, రాజ్యం అన్న అంశం మీద ఒక పుస్తకం రాశారు. మనకన్నా పేదగా ఉన్న రోజుల్లోనే చాలా దేశాలు చదువును నిర్బంధం చేసి పిల్లలను పనిలోంచి తప్పించాయని ఆయన చూపించారు. మన దగ్గర అడ్డు పడింది పేదరికం ఒక్కటే కాదని, పేదల పిల్లలకు పనే తగినదనుకునే చదువుకున్నవాళ్ల మనసు కూడా అని ఆయన వాదన. ఆ మాట చాలామందికి నచ్చలేదు. అదే సంవత్సరం మన పక్కనే, రంగారెడ్డి జిల్లా ఊళ్లలో, శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ పిల్లలను పనిలోంచి బడికి తేవడం మొదలుపెట్టింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో పెట్టిన సంస్థ అది. దాని సిద్ధాంతం మొహమాటం లేనిది: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే. ఇంటి పనైనా, చేను పనైనా, జీతం పనైనా తేడా లేదు. పన్నెండేళ్ల పిల్లను తీసుకొచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుంది. అందుకని శిబిరాలు పెట్టి, కొన్ని నెలలు అక్కడే ఉంచి చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. వాటినే బ్రిడ్జి కోర్సులన్నారు. నల్లగొండ జిల్లా ఊళ్లకూ ఆ పని విస్తరించింది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బాలల హక్కుల పరిరక్షణకు 2007లో జాతీయ కమిషన్ ఏర్పడితే తొలి అధ్యక్షురాలు ఆమే. పేద తల్లిదండ్రులకు పిల్లల చదువు మీద ఆశ లేదన్న మాటను ఆమె ఎక్కడా ఒప్పుకోలేదు. ఆ మాటను నేనూ ఒప్పుకోను. తండాలో ఏ తల్లినైనా అడిగి చూడండి, "మా బతుకెట్లనో గడిచిపాయె, పిల్ల సదువుకుంటే సాలు" అంటుంది.

నల్లగొండకు ఈ విషయంలో గొప్ప వారసత్వం ఉంది. వెట్టికి ఎదురు తిరిగిన నేల అది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో రాష్ట్రంలో మొట్టమొదటి గురుకుల పాఠశాల పెట్టింది అప్పట్లో ఆ జిల్లాలో ఉన్న సర్వేల్‌లోనే. ఊరి పిల్లకు బడితో పాటు తిండీ పడకా కూడా ఇస్తే ఏమవుతుందో అక్కడ తేలింది. తర్వాత ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదలతో సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004 నుంచి ఆడపిల్లల కోసం కస్తూర్బా విద్యాలయాలు వచ్చాయి. సీడు చేలున్న మండలాల్లో కస్తూర్బా బడి చేసే మేలు ఊళ్లో బడి చేయలేదు. కారణం చాలా సులువు. ఊళ్లో బడికి వెళ్లే పిల్ల రాత్రికి ఇంటికి వస్తుంది. ఇంటికొచ్చిన పిల్లను తెల్లారి చేనుకు తీసుకుపోవచ్చు. హాస్టల్లో ఉన్న పిల్లను తీసుకుపోలేరు.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1986 బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనుల్లోనే పిల్లలను నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక ఆ తేడా అర్థం లేనిదైపోయింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్ల బడిలో ఉండాలన్నప్పుడు ఇంకే పనిలోనైనా ఎలా ఉంటుంది? 2016లో బాలకార్మిక చట్టానికి వచ్చిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలకు అన్ని పనులనూ నిషేధించింది. బాగుంది. కానీ ఒక కిటికీ తెరిచి ఉంచింది. బడి అయ్యాకా, సెలవుల్లోనూ సొంత కుటుంబం పనిలో సాయం చేయవచ్చునట. ఢిల్లీలో కూర్చుని చదివితే ఇందులో తప్పేమీ కనిపించదు. నడిగడ్డలో చదవండి. మొగ్గలు ఒలిచే వేళ సాయంత్రం, అంటే బడి వదిలాక. దసరా సెలవులు పడేది పూత మంచి ఊపులో ఉన్నప్పుడు. తనిఖీలు పెరిగాక పెద్ద చేలు అరెకరం, ఎకరం ముక్కలయ్యాయి, కూలీ కుటుంబాలే ఆ ముక్కలు పట్టి సాగు చేస్తున్నాయి. "మా చేన్ల మా పిల్ల చేస్తుంది, మీకేంది" అంటే అధికారి దగ్గర జవాబు లేదు. పొద్దున పుప్పొడి అద్దే వేళకు మాత్రం బడి గంట మోగుతుంది. సాయంత్రం మొగ్గ ఒలిచిన పిల్ల పొద్దున దాన్ని వదిలేసి బడికి పోతుందా? సగం పని చేసి సగం ఆపడం ఆ పంటలో కుదరదు. ఈ మినహాయింపును తీసేయాలని నేను గట్టిగా కోరుతున్నాను.

2015లో వెంకటేశ్వర్లు మళ్లీ లెక్క తీశారు. దేశంలోని సీడు పత్తి చేలలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు దాదాపు ఐదు లక్షలు, వాళ్లలో పద్నాలుగేళ్లలోపు వాళ్లు రెండు లక్షల దాకా ఉన్నారని తేలింది. ఇక్కడ ఒక సంగతి ఉంది. ఎకరానికి ఎంతమంది పిల్లలన్న లెక్క తగ్గింది. అది ఇన్నేళ్ల పోరాట ఫలం. అయినా సాగు విస్తీర్ణం పెరిగి మొత్తం సంఖ్య పెరిగింది. అంటే ఒక చేత్తో పిల్లలను బడికి పంపుతూ, రెండో చేత్తో కొత్త చేలు తెరిచాం. ఆ పనే గుజరాత్, రాజస్థాన్‌లలోని ఆదివాసీ ప్రాంతాలకు పాకి, అక్కడి పిల్లల మీద పడింది. గద్వాలలో ఒత్తిడి పెరిగితే కంపెనీ ఇంకో రాష్ట్రం చూసుకుంటుంది. అందుకే ఒక జిల్లా గెలిస్తే చాలదు.

పద్నాలుగు దాటిన ఆడపిల్ల సంగతి మరీ ఘోరం. చట్టం దృష్టిలో ఆమె బాలకార్మికురాలు కాదు, కౌమార కార్మికురాలు. ప్రమాదకరమైన పనులే ఆమెకు నిషేధం. పురుగుమందు చల్లిన చేలో పొద్దంతా వంగి నిలబడటం ప్రమాదం కాదా? ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన పిల్ల మూడేళ్లు క్రాసింగ్ చేస్తుంది, ఆపై పెండ్లి. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువ ఉన్న జిల్లా మహబూబ్‌నగరే, 55 శాతం. ఆడవాళ్లలో 45 శాతం కూడా లేదు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో చూస్తే మగా ఆడా కలిపి సగానికి తక్కువ. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల దూరం. తలసరి ఆదాయంలో దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రం ఇది.

సీడు పత్తి గురించే ఎక్కువ మాట్లాడాను కానీ, పాలమూరు లేబర్ అన్న పేరు దేశమంతా ఎరిగినదే. డ్యాములు కట్టడానికి, రోడ్లు వేయడానికి మేస్త్రీ వెంట వెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడే ఇసుక మోస్తూ పెరిగారు. అలా వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టిన ఏళ్లలో వాటి ఉపయోగం అందరూ చూశారు. అవి ఏటా సకాలంలో తెరవాలి, అంతే. ఇప్పుడు మన దగ్గరికీ వలస వస్తోంది. 2017 జనవరిలో యాదాద్రి భువనగిరి జిల్లా ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన దాదాపు రెండు వందల మంది పిల్లలను రాచకొండ పోలీసులు విడిపించారు. బట్టీల దగ్గరే ఒడియా పంతుళ్లతో బడులు నడిపిన ప్రయత్నం తర్వాత మంచి పేరు తెచ్చుకుంది. మన పిల్లలు బొంబాయి వెళ్లినప్పుడు అక్కడ తెలుగు బడి ఉండాలని మనం కోరుకోమా?

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో సీడు రైతులు ఉంటారు, ఆర్గనైజర్లు ఉంటారు, కంపెనీ ఉద్యోగులు ఉంటారు. రైతు సోదరులను నేను నిందించడం లేదు. పెద్దవాళ్ల కూలి లెక్కగట్టి ధర అడగండి, ఆ అడిగేటప్పుడు బడి పంతుళ్లూ కూలీ సంఘాలూ మీ పక్కన నిలబడతాయి. ప్రభుత్వాన్ని కోరేది, విత్తన కంపెనీతో రైతుకు రాతపూర్వకమైన ఒప్పందం, అందులో కనీస కొనుగోలు ధర, చేలో పిల్లలుంటే కంపెనీదీ బాధ్యత అన్న షరతు. హెడ్మాస్టర్లను కోరేది, ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్రతి శనివారం హాజరు పట్టీ గ్రామ పంచాయతీ ముందు పెట్టడం. వారం రోజులు రాని పిల్ల ఇంటికి ఇద్దరు వెళ్లిరావడం. కస్తూర్బా విద్యాలయాల్లో చాలాచోట్ల ఇప్పుడు ఇంటర్ దాకా ఉంది. ఎనిమిదితో ఆగిన పిల్లలను అక్కడ చేర్పించడానికి పూతకు ముందే, జూలైలోనే, కదలాలి. చేలో పిల్లలు కనిపిస్తే బాలల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. రాత్రైనా పగలైనా పలుకుతారు, డబ్బు ఖర్చు కాదు, ఫోను చేసినవారి పేరు బయటపెట్టరు.